పడవ లేని సరంగు

మన సముద్రంలో ఏ పూట అల ఎంతెత్తు లేస్తుందో, ఏ దిక్కున చేపలు దొరికే వీలుందో మత్స్యకారులకు చెప్పే కార్యాలయం విశాఖలో లేదు, చెన్నైలో లేదు. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉంది. పేరు ఇన్‌కాయిస్, పుట్టింది 1999లో. సునామీ వచ్చిపోయాక, 2007 నుంచి సునామీ హెచ్చరికలు కూడా అక్కణ్ణుంచే వెళ్తున్నాయి. ఓడలు నడిపేవాళ్ళ సముద్ర పటాలు తయారయ్యేది ఇంకా విచిత్రమైన చోట, హిమాలయాల పాదాల దగ్గర డెహ్రాడూన్‌లో. కాబట్టి ఉప్పుగాలి సోకని ఊళ్ళో కూర్చుని సముద్రయానం ఆలోచించడం పిచ్చి కాదనీ, అది కేంద్ర ప్రభుత్వ విధానమేననీ మా ఆవిడ ముందు వాదించాను. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ, "వాళ్ళకి జీతమిస్తారండీ" అంది.

మేముండేది నాచారంలో, హెచ్.ఎం.టి. నగర్ దగ్గర, మూడో అంతస్తు. ఉద్యోగం ఉప్పల్ పారిశ్రామికవాడలో, లెక్కల పుస్తకాల మధ్య. పుట్టి పెరిగింది మోత్కూరు దిక్కు. మా ఊళ్ళో నీళ్ళంటే బోరు, పడవంటే నోటుబుక్కు నడిమి కాగితం. మా ఆవిడది కోనసీమలో గౌతమి పాయను ఆనుకున్న లంక. ఆవిడ బడికి పడవ మీదే పోయింది. వాళ్ళ కొబ్బరికాయలు, వాళ్ళ గేదె, మా పెళ్ళికి అద్దెకు తెచ్చిన మైకుసెట్టు, ఆఖరికి మా మగపెళ్ళివారం కూడా పడవ మీదే ఏరు దాటాం. అటువంటి మనిషితో "సరదాగా నాలుగు రోజులు పడవలో తిరుగుదాం" అనడం, ఉప్పల్‌లో ఉండేవాడితో "సరదాగా సాయంత్రం ఆరింటికి రింగు రోడ్డు దగ్గర నిలబడదాం" అనడమే.

జబ్బు ఫోన్లోంచి అంటుకుంది. ఎవరో దంపతులు చిన్న తెరచాప పడవలో క్రొయేషియా తీరం వెంట పోతున్న వీడియో ఒకటి నిద్ర పట్టని రాత్రి నా కంటపడింది. ఆ దేశం ఒడ్డున చిన్నాపెద్దా కలిపి వెయ్యికి పైగా దీవులు. తెల్లటి సున్నపురాతి కొండలు నిట్టనిలువుగా నీళ్ళలోకి దిగుతాయి. ఆ దంపతులు పొద్దుగూకే వేళకు ఏదో ఒక దీవి చాటున లంగరు వేసి, రొట్టె కోసుకుని తిని, చుక్కల కింద పడుకున్నారు. మర్నాడు ఆఫీసులో జి.ఎస్.టి. రిటర్న్ పక్కనే ఒక ఎక్సెల్ షీటు తెరిచి "పడవ" అని పేరు పెట్టాను. అది 2018. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా వరంగల్ రహదారి మీద పైవంతెన పని మొదలైందీ ఆ ఏడాదే. రెండిటికీ స్తంభాలు లేచాయి. ఘట్‌కేసర్ బస్సులో ఆ స్తంభాల పక్కనుంచి పోయినప్పుడల్లా మా ఆవిడకు నా షీటు గుర్తొచ్చేదట.

క్రొయేషియా వీసా, విమానం, పడవ అద్దె కలిపితే వచ్చిన అంకె ఇక్కడ రాయను. మా ఇంటి అప్పు ఇంకా తీరలేదని మాత్రం రాస్తాను. దాంతో ప్లాను సగానికి కుంగి కాకినాడ ఎదుటి హోప్ ఐలాండ్ దగ్గర ఆగింది. గౌతమి మోసుకొచ్చిన మట్టీ ఇసుకా పేరుకుని ఏర్పడిన పొడవాటి దిబ్బ అది. కాకినాడ రేవుకు అలల దెబ్బ తగలకుండా అడ్డంగా పడుకుని కాపు కాస్తుంది. చలికాలం వెళ్ళేవేళ అక్కడికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికొస్తాయి. పక్కనే కోరంగి మడ అడవులు. అంతా బాగానే ఉంది గాని, మనసు వద్దన్నా వినకుండా చరిత్ర కూడా చదివాను. కోరంగి రేవును 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన ఊడ్చేసింది. ఆ రాత్రి ఇన్‌కాయిస్ వారి అలల సమాచారం తెరిచి, మూడో అంతస్తులో పడుకుని, బంగాళాఖాతం వైపు చెవి పెట్టాను. ధైర్యం కోసం మర్నాడు మామగారికి ఫోన్ చేశాను.

"అల్లుడుగారూ, పడవెక్కేది అవతలొడ్డుకి ఎల్లడానికండి. అక్కడ తమకి పనేవుందండి?"

"పనేం లేదు మామయ్యా. ఊరికే చూద్దామని."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత "అమ్మాయికోసారి ఇయ్యండి" అన్నారు. ఆ తండ్రీకూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. ఆ వారమంతా నాకు కాఫీలో చక్కెర కాస్త ఎక్కువ పడింది. దేనికైనా మంచిదని జాలి చూపించి ఉంటారు.

అప్పుడు కృష్ణ కనబడింది. సముద్రం లేని తెలంగాణకు దీవుల తీరం ఉంది. కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి శ్రీశైలం దాకా నల్లమల కొండల మధ్య డ్యామ్ నీళ్ళు నిలిచిన చోట, లోయలు మునిగి గుట్టల తలలు పైన మిగిలాయి. అవే దీవులు. ఒడ్డున పొరలు పొరలుగా రాతి గోడలు. నాచారం నుంచి రెండు వందల కిలోమీటర్లు కూడా లేదు, వీసా అక్కర్లేదు. నేను ఎగిరి గంతేసి పడవకు పేరు కూడా ఆలోచించడం మొదలుపెట్టాను. మా ఆవిడ ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. "ఆలు లేదు, చూలు లేదు. సోమలింగం అని పెట్టండి. ఎలాగూ సోమశిలేగా పోతున్నాం" అంది. ఇంకే పేరు పెట్టినా ఇంట్లో ఎవరూ పలకలేదు. సోమలింగమే నిలబడింది.

ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా ఉంది, హబ్సిగూడలో ఎన్.జి.ఆర్.ఐ. ఉంది. భూమిని పైనుంచీ లోపలినుంచీ కొలిచేవాళ్ళ మధ్య కాపురముంటూ పటం లేకుండా బయల్దేరితే పరువేముంటుంది? కోఠీ పాత పుస్తకాల్లో 56 ఎల్ వరుసకు చెందిన ఓ పాత సర్వే షీటు దొరికింది. భోజనాల బల్ల మీద పరిచి, ఎర్ర పెన్సిలుతో జలమార్గం గీశాను. గీసింది గీసినట్టు రెండు ఊళ్ళ నడిబజార్లలోంచి, ఒక గుడి ముంగిట్లోంచి పోయింది. షీటు డ్యామ్ కట్టకముందుది మరి. అందులో కృష్ణ సన్నటి గీత.

ఇక్కడ కాసేపు నవ్వు పక్కన పెట్టాలి. 1981 ప్రాంతంలో శ్రీశైలం జలాశయం వంద దాకా ఊళ్ళను మింగింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్‌లో మళ్ళీ కట్టారు. సప్తనదుల సంగమేశ్వరుణ్ణి మాత్రం కదిలించలేదు. ఆ గుడి ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ళలోనే ఉంటుంది. మట్టం 840 అడుగుల దరిదాపులకు దిగినప్పుడు బయటపడుతుంది. లోపల వేప మొద్దుతో చేసిన లింగం, అన్నేళ్ళుగా తడుస్తూ, ఆరుతూ. నేను పెన్సిలుతో సరదాగా దాటిన రెండు ఊళ్ళ జనం ఎక్కడికో పోయి బతుకుతూ ఉంటారు. ఆ షీటు మడిచి బీరువాలో పెట్టాను. దాని మీద మళ్ళీ ఏమీ గీయలేదు.

కొత్త పటం ఉపగ్రహ చిత్రాల నుంచి తయారు చేశాను. దీవులకు నెంబర్లు వేశాను. ఇక్కడ క్రొయేషియా వాళ్ళకు లేని చిక్కొకటి వచ్చింది. వాళ్ళ దీవులు ఉన్నచోటే ఉంటాయి. మనవి ఉండవు. శ్రీశైలం నిండితే 885 అడుగులు. ఆగస్టులో పైనుంచి జూరాల, తుంగభద్ర వరద దిగితే గేట్లెత్తుతారు, నా దీవులన్నీ పుట్టుకొస్తాయి. తర్వాత కరెంటుకు కొంత, కాలువలకు కొంత, ఇటు కొంత, అటు కొంత తోడుతూ పోతే ఒక్కో దీవీ ఒడ్డుకు అతుక్కుని మామూలు గుట్ట అయిపోతుంది. నా దీవి తేలాలో అతుక్కోవాలో రెండు రాష్ట్రాలు తేల్చాలి. వాటి మధ్య తగువు తీర్చడానికి ఒక బోర్డే ఉంది. దినపత్రికలో జలాశయాల మట్టం పట్టికను రోజూ కత్తిరించి అతికించడం మొదలుపెట్టాను. ఇంట్లో రాశిఫలాలు చదివేవాళ్ళకు అడ్డొచ్చాను, ఎందుకంటే అవి సరిగ్గా వెనక పేజీలో ఉంటాయి. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి షీటంతా చూసి, "నాన్నా, నీ నాలుగో దీవికి ఎండాకాలంలో నడిచి పోవచ్చు" అంది.

అదే పిల్ల ఇంకో ప్రశ్న కూడా అడిగింది. నా మార్గం సోమశిలలో మొదలై, శ్రీశైలం మీదుగా, నాగార్జునసాగర్ దాకా పోయి, నాగార్జునకొండ మ్యూజియం దీవిని తాకి ముగుస్తుంది. గీత ఎంత అందంగా వచ్చిందంటే దాన్ని ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను. "మధ్యలో డ్యామ్ ఉంది కదా, ఎట్లా దిగుతావు?" అంది. శ్రీశైలం డ్యామ్ ఎత్తు 145 మీటర్లు. నేను గొంతు సవరించుకుని, పడవలను మెట్టుమెట్టుగా దింపే లాకుల గురించి మొదలెట్టాను. మా ఆవిడ వంటింట్లోంచే అందుకుంది: "కాటన్ దొర ధవళేశ్వరంలో పడవల కోసం లాకులు కట్టాడండి. పాపం శ్రీశైలం కట్టినవాళ్ళకి మీరొస్తారని తెలీదు."

సోమలింగం పెట్టెలో వచ్చింది. గాలి ఊదే పడవ, పదకొండడుగులు, పసుపు రంగు. రాకముందే దాని కొలతలు హాల్లో నేల మీద టేపుతో అతికించాను, అందులో ముగ్గురం ఇరుక్కుని కూర్చునే అలవాటు చేసుకోవాలని. టీవీ ఆ పడవలో కూర్చునే చూడాలన్నది నా నియమం. నియమం పాటించింది నేనొక్కణ్ణే. పనామె చీపురు పట్టుకుని గుమ్మంలో ఆగి, "సార్, పడవల ఊడ్వాల్నా, బయట ఊడ్వాల్నా?" అని అడిగింది. వ్యంగ్యం కాదు, పాపం నిజంగానే అడిగింది.

పడవ మోయగలిగే బరువు రెండు వందల కిలోలు. బరువుల పట్టిక వేయడానికి మా ఆవిడ బరువెంతని అడిగాను. పెళ్ళయిన మగవాళ్ళకు ఈ పేరాలో ఇంతకన్నా రాయక్కర్లేదు. చివరికి ఆవిడ గడిని ఖాళీగా వదిలి, ఊహించిన అంకె ఒకటి తెల్లరంగు అక్షరాలతో దాచాను. ఎక్సెల్‌లో తెల్ల అక్షరాలు ఎట్లా బయటపెట్టాలో ఈ కాలం పిల్లలకు బడిలో నేర్పుతున్నారు. ఆ మీదట మంచినీళ్ళు, బియ్యం, పొయ్యి, గుడారం కలిపి చూస్తే, సామానంతా ఎక్కితే నేను ఒడ్డునే దిగిపోవాల్సి వస్తోంది. ఈ సూచన ఇద్దరికీ నచ్చింది.

పడవను ముందు హాల్లోనే ఊదాను, కాలి పంపుతో. నిండా ఊదాక అది తలుపులోంచి పట్టలేదు. గాలి తీసి, డాబా మీదికి మోసుకుపోయి, మళ్ళీ ఊదాను. వేసవి. అక్కడ ఎండ బాగా తగులుతుందనీ, అంచులు గాలిని ఆపుతాయనీ రెండో అంతస్తు పిన్నిగారు కనిపెట్టారు. సోమలింగం మోసిన మొదటి సరుకు గుమ్మడి వడియాలు. రెండో సరుకు ఊరమిరపకాయలు. ఇంకో ఇంటివారు చింతపండు గురించి కబురు పెడితే గాలి తీసేశాను.

ముళ్ళు నేర్చుకోవడం మరో అధ్యాయం. పడవవాడికి మోకు ముడి తెలియాలన్నారని, బాల్కనీలో బట్టలారేసే తాడు మీద సాధన చేశాను. లాగేకొద్దీ బిగిసే ముడి బ్రహ్మాండంగా కుదిరింది. తడి దుప్పట్ల బరువుకు అది ఇంకా బిగిసి, దుప్పటి కొసను కూడా తనలో కలుపుకుంది. కత్తిపీటతో కోయాల్సి వచ్చింది. మా ఆవిడ మిగిలిన ముక్కను ఒక్క వేలితో విడిపోయే ముడి వేసి కట్టేసి లోపలికెళ్ళిపోయింది. అదేం ముడి అని అడిగితే, "ముడి" అంది.

2020 అక్టోబరు 13న నాచారానికి నీళ్ళే నడిచొచ్చాయి. ఆ రోజు ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. నగరంలో చెరువులు పొంగాయి, కాలనీల్లోకి సహాయక దళాల పడవలొచ్చాయి. మా సెల్లార్లోకి నడుముల్లోతు నీళ్ళొచ్చాయి. వాచ్‌మన్ కుటుంబం కిందే ఉంది. భవనమంతా ఒక్కసారి నా గుమ్మం వైపు చూసింది. జీవితంలో మొట్టమొదటిసారి నాచారంలో పడవ ఉన్న మగాణ్ణి నేను. పడవేమో సజ్జ మీద, బొమ్మలకొలువు పెట్టె కింద. పెట్టె దించి, పడవ దించి, పంపు వెతికి, టార్చి వెలుగులో తొక్కడం మొదలుపెట్టాను. సగం ఊదేసరికి మా ఆవిడ చీర దోపుకుని దిగి, వాచ్‌మన్ పిల్లలిద్దర్నీ, వాళ్ళ బియ్యం సంచినీ పైకి చేర్చి, తలుపు దగ్గర నిలబడి తల తుడుచుకుంటోంది. "ఊదండి, ఆపకండి. పిల్లలు పడుకోడానికి పనికొస్తుంది" అంది. పనికొచ్చింది కూడా. ఆ రాత్రి వాళ్ళు అందులోనే పడుకున్నారు.

తర్వాత చట్టం చదివాను. 2021లో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం ఇంజను పడవకు తనిఖీ, రిజిస్ట్రేషను ఉండాలి. తెడ్డుతో నడిచేదాన్ని కూడా స్థానికంగా నమోదు చేయించాలి. ఒక కార్యాలయానికి పోయి అడిగితే అక్కడి ఆయన ఎంతో మర్యాదగా "బండి నెంబర్ చెప్పండి" అన్నాడు. దీవుల మీద గుడారాల సంగతి అంతకన్నా తొందరగా తేలిపోయింది. కృష్ణకు ఇవతల అమ్రాబాద్, అవతల నాగార్జునసాగర్-శ్రీశైలం, రెండూ పులుల అభయారణ్యాలే. రాత్రి తొమ్మిది దాటితే మన్ననూరు దగ్గర రోడ్డు మీద బండినే పోనివ్వరు, నీళ్ళ మీద నన్నెవరు పోనిస్తారు? చుక్కల కింద నిద్ర అన్న వరుసను షీటులోంచి తీసేశాను. కృష్ణలో మొసళ్ళున్నాయన్న వరుస ఎవరూ చూడకముందే తీసేశాను.

ఇంతదాకా రాయకుండా నెట్టుకొచ్చిన సంగతి ఒకటుంది. నాకు ఈత రాదు. మా ఇంట్లో ఈత వచ్చినవాళ్ళు ఇద్దరు, ప్లాను వేసేవాణ్ణి నేను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో 77 మందితో పోతున్న పర్యాటక పడవ మునిగి దాదాపు యాభై మంది పోయారు. ఆ పేరెత్తితే మా ఆవిడ వేళాకోళం ఆపేస్తుంది. అందరికీ లైఫ్ జాకెట్లు కొనాల్సిందే, ఈ ప్లాను మొత్తంలో ఆవిడ పెట్టిన షరతు అదొక్కటే. నా జాకెట్టు రెండు సైజులు పెద్దది కొంది, దాని లోపల ఇంకోటి వేసుకుంటానని తెలిసి.

ఒక ఏడాది వానలు వెళ్ళాక, జలాశయం నిండుగా ఉండగా, ఆవిడ పాల ప్యాకెట్లకు డబ్బు కట్టే తీరులో ఫోన్ తీసి, సోమశిల నుంచి శ్రీశైలం పోయే టూరిజం లాంచీకి మూడు టికెట్లు తీసేసింది. నేను ఫైలుతో బయల్దేరాను. జడ్చర్ల, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్.

అక్కడ సరదా మాటలు నాకు తట్టలేదు. కొండలు నిజంగానే నిట్టనిలువుగా దిగుతున్నాయి. ఎరుపు, గోధుమ, నలుపు రాతి పొరలు అడ్డంగా చీలి నీళ్ళ దాకా వచ్చాయి. నీరు ఆకుపచ్చగా, బరువుగా ఉంది. నీటికాకులు రెక్కలారేసుకుని రాళ్ళ మీద కూర్చున్నాయి. మలుపు తిరిగితే ఒక దీవి, దాని వెనక ఇంకోటి, ఎక్కడో ఒక పుట్టిలో వల సర్దుకుంటున్న ఒంటరి మనిషి. క్రొయేషియా వీడియోలో నాకు కావాల్సిందేదో అది ఇక్కడ ఉంది, గులాబీ రంగు వైన్ గ్లాసు తప్ప. సరంగుకు నా పటం చూపించి ఏడో దీవి ఏదని అడిగాను. ఆయన పటాన్ని రెండు వైపులా తిప్పి చూసి, "నీళ్ళు ఇంక జర తగ్గితే కనవడ్తది సార్" అన్నాడు. ఫైలు మూసేశాను. ఆ మీదట ప్రయాణం బాగుంది.

అంతకు ముందు, సోమశిల రేవులో లాంచీ కోసం ఆగినప్పుడు, ఒక జాలరి పుట్టి ఒడ్డున కనబడింది. గుండ్రటి పుట్టి, తెలియనివాడు తెడ్డేస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. మా ఆవిడ ఆయన్నడిగి, లైఫ్ జాకెట్టు బిగించి, అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఎక్కింది. తెడ్డు ముందుకు వేసి తన వైపు లాక్కుంటూ, రేవులో పెద్ద చుట్టు తిప్పి, బయల్దేరిన చోటికే తెచ్చి ఆపింది. వాళ్ళ లంక దగ్గర పుట్టి లేదు, ఎప్పుడు నేర్చిందో తెలియదు. నేను ఒడ్డున వాళ్ళ చెప్పులు, ఫోన్లు, పులిహోర డబ్బా, ఫైలు పట్టుకుని నిలబడ్డాను. రెండు లైఫ్ జాకెట్లు వేసుకునే ఉన్నాను.

ఇక పాఠకులకు ఒక మనవి. ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, మల్లాపూర్ పరిసరాల్లో ఎవరికైనా గాలి ఊదే పడవ కావాలంటే చెప్పండి. పదకొండడుగులు, పసుపు రంగు, నదిలో ఒక్కసారి కూడా దిగనిది. కొంచెం ఊరమిరపకాయల వాసన ఉంటుంది. తెడ్లు రెండు, కాలి పంపు, చిల్లులకు అతుకులు, దీవుల పటం ఉచితం. సజ్జ మీద నుంచి దింపుకోవడం కొన్నవారి బాధ్యత. బేరం మా ఆవిడతోనే ఆడాలి, నాకింకా అమ్మాలని లేదు.